పాత ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ మేలా, చిన్న గ్రాఫిక్స్ కార్డు మేలా?
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఐదు దాదాపు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్‌తో కలిసి వచ్చే గ్రాఫిక్స్‌ను వదిలి, తక్కువ ఖరీదు గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌కు మారితే లాభం ఉంటుందా, ఉంటే ఎంత అన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఐదింటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి దగ్గర 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. అందులో ఇంటెల్ కోర్ ఐ5 6200యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 520 గ్రాఫిక్స్ ఉన్నాయి. మాకు తెలిసినవారొకరు తమ పాత డెస్క్‌టాప్‌ను తక్కువకు ఇస్తామంటున్నారు. దానిలో జీటీ 710 అనే 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉందట. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో చూస్తే మాత్రం గ్రాఫిక్స్ మెమొరీ 4 జీబీ దాకా కనిపిస్తోంది. 4 జీబీ ఉన్నదాన్ని వదిలి 2 జీబీ ఉన్నదానికి డబ్బు పెట్టడం సరైన పనేనా? వాడు వాలరంట్ ఆట ఆడతాడు, త్రిమితి బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవాలనుకుంటున్నాడు.
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ సందేహం సరైనదే. అయితే మీరు పోల్చిన రెండు అంకెలు పోల్చదగినవి కావు. ల్యాప్‌టాప్‌లో కనిపించే ఆ 4 జీబీ గ్రాఫిక్స్ కోసం విడిగా అమర్చిన మెమొరీ కాదు. హెచ్‌డీ 520కి సొంత మెమొరీ లేదు కాబట్టి, అవసరమైనప్పుడు మీ 8 జీబీ ర్యామ్‌లో సుమారు సగం వరకు వాడుకోవచ్చని విండోస్ దానికి ఇచ్చిన అనుమతి మాత్రమే అది. ఆట నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ 2 జీబీ తీసుకుంటే, విండోస్‌కూ బ్రౌజర్‌కూ ఆటలోని మిగతా పనులకూ కలిపి మిగిలేది 6 జీబీయే. కార్డు మీద ఉన్న 2 జీబీని ఇంకెవరూ పంచుకోరు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మెమొరీ ఎంత ఉన్నదన్న దానికన్నా, అందులోని సమాచారం గ్రాఫిక్స్‌కు ఎంత వేగంగా అందుతున్నదన్న దాని మీదే బొమ్మ కదలిక ఎక్కువగా ఆధారపడుతుంది. చెరువులో నీరు ఎంత ఉన్నా తూము చిన్నదైతే పొలానికి చేరేది తక్కువే అవుతుందని మీ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ వేగాన్ని ఎవరైనా లెక్కగట్టవచ్చు. ఒక్క డీడీఆర్4 2133 ర్యామ్ ముక్క 64 బిట్ల వెడల్పుతో, అంటే ఒక్కోసారి 8 బైట్ల చొప్పున, సెకనుకు 213 కోట్ల సార్లకు పైగా సమాచారాన్ని అందిస్తుంది. రెండింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 17 గిగాబైట్లు. ఈ 17 గిగాబైట్లను హెచ్‌డీ 520 ఒక్కటే వాడుకోలేదు, ప్రాసెసర్ కూడా అదే తూము నుంచి తోడుకుంటుంది.

ఇక జీటీ 710 సంగతి చూద్దాం. బజారులో ఎక్కువగా కనిపించే డీడీఆర్3 రకం కార్డులో మెమొరీ వేగం సెకనుకు 14.4 గిగాబైట్లు. లెక్కలు చేసే శక్తిని చూస్తే, ఈ కార్డులో 192 గణన భాగాలు ఉన్నాయి. అవి 954 మెగాహెర్ట్జ్ వేగంతో, లోపలి గడియారం కొట్టే ఒక్కో తాపుకు రెండేసి లెక్కల చొప్పున, సెకనుకు దాదాపు 36,600 కోట్ల లెక్కలు చేస్తాయి. మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీ 520లో 24 గణన భాగాలే ఉన్నా ఒక్కొక్కటి తాపుకు 16 లెక్కలు చేయగలదు కాబట్టి, 1 గిగాహెర్ట్జ్ వేగం వద్ద మొత్తం 38,400 కోట్లకు చేరుతుంది. అంటే కాగితం మీద రెండూ ఇంచుమించు సమానమే, పైగా ల్యాప్‌టాప్‌దే వెంట్రుకవాసి పైచేయి. విడి కార్డు అనగానే అది ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కంటే మెరుగని చాలామంది అనుకోవడం వల్లే ఇలాంటి కార్డులు ఇంకా అమ్ముడవుతున్నాయి. ఈ అపోహ వల్ల తల్లిదండ్రుల డబ్బు వృథా కావడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అయితే కార్డుకు న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. 6200యూ ప్రాసెసర్‌కు కేటాయించిన విద్యుత్తు 15 వాట్లు. దాన్ని ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ పంచుకోవాలి. ఆట మొదలై పది నిమిషాలు గడిచి యంత్రం వేడెక్కితే, ముఖ్యంగా మన వేసవిలో, వేగం తనంతట తాను తగ్గిపోతుంది. అప్పుడు 38,400 కోట్లన్న అంకె కాగితానికే పరిమితమవుతుంది. జీటీ 710కి తనకంటూ 19 వాట్లు ఉన్నాయి, దాని మీద వేడిని లాగే లోహపు రేకులూ ఉన్నాయి. అందువల్ల అది తన వేగాన్ని గంటల తరబడి నిలబెట్టుకుంటుంది. అయినా దాన్ని ముందడుగు అనలేను. తక్కువ జాగాలో ఇమిడేలా కుదించిన హెచ్‌ఈవీసీ రకం వీడియోలను హెచ్‌డీ 520 తన సొంత పరికరంతో విప్పగలదు, జీటీ 710కి ఆ సదుపాయం లేదు. ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లను, అంటే కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను, తయారీ సంస్థ ఎన్వీడియా 2021లోనే ఆపేసింది. భద్రతా సవరణలు కూడా 2024 వరకే వచ్చాయి.

వాలరంట్ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. 2020లో విడుదలైనప్పుడు ఆ ఆట తయారీదారులు సెకనుకు 30 ఫ్రేములకు సరిపోయే కనీస గ్రాఫిక్స్‌గా పేర్కొన్నది 2012 నాటి ఇంటెల్ హెచ్‌డీ 4000ను. హెచ్‌డీ 520 దానికంటే మూడు తరాలు కొత్తది. 60 ఫ్రేములకు వారు సూచించినది జీటీ 730ని. బ్లెండర్ విషయంలోనూ మీ అబ్బాయిది గట్టున పడిన పరిస్థితే. 2023 నవంబరులో వచ్చిన బ్లెండర్ 4.0 నుంచి, ప్రోగ్రాములు గ్రాఫిక్స్‌తో మాట్లాడే ఓపెన్‌జీఎల్ అనే పద్ధతిలో 4.3 రూపం తప్పనిసరి అయింది. విండోస్‌లో ఓపెన్‌జీఎల్ 4.0 దగ్గరే ఆగిపోయిన హెచ్‌డీ 4000 యంత్రాల మీద అది తెరుచుకోదు గానీ హెచ్‌డీ 520 మీద తెరుచుకుంటుంది. నేర్చుకునే దశకు అది చాలు. పూర్తయిన దృశ్యాన్ని బొమ్మగా వండే పని (రెండరింగ్) మాత్రం 6200యూలోని రెండు కోర్ల మీద పడి చాలా నిదానంగా సాగుతుంది. కాబట్టి ఆ డెస్క్‌టాప్ తీసుకోవాలా వద్దా అన్నది కార్డును బట్టి కాకుండా, అందులో ఏ ప్రాసెసర్ ఉందో కనుక్కొని నిర్ణయించుకోండి. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉంటే ఆ యంత్రం విలువ అక్కడే ఉంది, కార్డు లెక్కలోకి రాదు.

ఈలోగా తక్కువ ఖర్చుతో ఒక పని చేయండి. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పించి, ర్యామ్ ఒకే 8 జీబీ ముక్కగా ఉందో, రెండు 4 జీబీ ముక్కలుగా ఉందో చూడండి. ఒకటే ఉండి రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, అదే రకం, అదే వేగం గల మరో 8 జీబీ ముక్కను వేయించండి. అప్పుడు 17 గిగాబైట్ల మార్గం రెండింతలై 34 అవుతుంది. ఈ తరం గ్రాఫిక్స్‌కు మెమొరీ మార్గమే ఇరుకు కాబట్టి, ఆటల్లో తేడా కంటికి తెలిసేలా ఉంటుంది. నా సొంత హెచ్‌డీ 520 ల్యాప్‌టాప్‌కు నేను చేయించిన మరమ్మతుల్లో ఇంతగా ఫలితమిచ్చింది ఇంకొకటి లేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇదే ప్రాసెసర్‌తో డీడీఆర్3ఎల్ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా వచ్చాయి. ఆ ముక్క ఈ స్లాట్‌లో, ఈ ముక్క ఆ స్లాట్‌లో కూర్చోదు. కనుక పాతదాన్ని చేతిలో పట్టుకొని వెళ్లి కొనండి.

ప్రశ్న: మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోల కూర్పు ఇప్పటిదాకా ఐ5 8250యూ, యూహెచ్‌డీ 620 ఉన్న ల్యాప్‌టాప్ మీద చేస్తున్నాను. కొత్తగా అసెంబుల్డ్ డెస్క్‌టాప్ చేయించుకుంటూ, పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్, దానితో జీటీ 1030 కార్డు వేయమని చెప్పాను. వీడియో ఎక్స్‌పోర్ట్ సమయం బాగా తగ్గుతుందని ఆశిస్తున్నాను. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.
– ఒక స్టూడియో యజమాని, కరీంనగర్

సమాధానం: అడ్వాన్సు ఇవ్వకుండా రాసినందుకు సంతోషం. మీరు చెప్పిన కూర్పును దయచేసి మార్చుకోండి. ఆ రెండు వస్తువులూ విడివిడిగా చూస్తే చెడ్డవి కావు. కలిస్తే మాత్రం మీ పనికి అత్యవసరమైన ఒక పరికరం యంత్రంలో ఎక్కడా లేకుండా పోతుంది.

ఎక్స్‌పోర్ట్ చేయడమంటే వీడియోను హెచ్.264 గానీ హెచ్‌ఈవీసీ గానీ అయిన రూపంలోకి కుదించడం. ఈ కుదింపు కోసం ఇంటెల్ 2011 నుంచి తన గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగాన్ని అమర్చుతోంది. మీ ల్యాప్‌టాప్‌లోని యూహెచ్‌డీ 620లోనూ అది ఉంది. ఎన్వీడియా కార్డుల్లో ఇదే పని చేసే భాగం పేరు ఎన్వెంక్. దాదాపు అన్ని కార్డుల్లో ఉండే ఈ భాగం 2017 మే నెలలో వచ్చిన జీటీ 1030లో లేదు. వీడియోను చూపించడానికి విప్పే పరికరం దానికి ఉంది, తయారైన వీడియోను కుదించే పరికరం లేదు. ఇక ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. చివరికి కుదింపు భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. ఆటల్లో యూహెచ్‌డీ 620ని సునాయాసంగా మించిపోయే కార్డు, మీ వృత్తికి కావలసిన ఒక్క పనిలో దానికంటే వెనుకబడటం విచిత్రంగానే తోస్తుంది. కానీ గ్రాఫిక్స్ అనే ఒక్క మాట కింద త్రిమితి బొమ్మలు గీయడం, వీడియో విప్పడం, వీడియో కుదించడం అనే మూడు వేర్వేరు పనులు ఉన్నాయని గుర్తుంచుకుంటే ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఆటల్లో మించిపోతుందని రాశాను కనుక దాని కొలత కూడా చెబుతాను. యూహెచ్‌డీ 620 శక్తి 1.1 గిగాహెర్ట్జ్ వద్ద సెకనుకు సుమారు 42,000 కోట్ల లెక్కలు. జీటీ 1030లో 384 గణన భాగాలున్నాయి. అది 30 వాట్లు తీసుకొని సెకనుకు 1,12,000 కోట్లకు పైగా లెక్కలు చేస్తుంది. జీడీడీఆర్5 మెమొరీ రకంలో సమాచారం సెకనుకు 48 గిగాబైట్ల వేగంతో అందుతుంది. అయితే 2018లో ఇదే పేరుతో డీడీఆర్4 మెమొరీ ఉన్న మరో రకం కార్డు బయటికి వచ్చింది. దాని వేగం 16.8 గిగాబైట్లు మాత్రమే. పేరు అదే, 2 జీబీ అన్న అంకె అదే, అందే సమాచారం మాత్రం మూడో వంతు. ఒకే పేరుతో ఇంత తేడా ఉన్న రెండు వస్తువులను అమ్మడం కొనేవారికి జరిగిన అన్యాయమని నా అభిప్రాయం. ఎవరికైనా జీటీ 1030 కొనవలసి వస్తే, పెట్టె మీద జీడీడీఆర్5 అని ఉందో లేదో చదవకుండా డబ్బు చేతికివ్వకూడదు.

మీకు నా సూచన ఇది. ఎఫ్ లేని ప్రాసెసర్ తీసుకోండి. 11వ తరం లేదా ఆ తర్వాతిదైతే ఇంకా మంచిది, ఎందుకంటే నేటి కెమెరాల్లో చాలావాటిలో ఉండే, రంగుల వివరాలు ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ వీడియోను ఆ తరం నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్ నేరుగా విప్పగలదు. పెళ్లి వీడియోల వారికి ఇది ఎంత ఊరటో, టైమ్‌లైన్ జరిపినప్పుడల్లా బొమ్మ ఆగిపోవడంతో విసిగినవారికే తెలుస్తుంది. దీనితోనే కొన్నాళ్లు పని చేసి చూసి, రంగుల సవరణకో ఎఫెక్టులకో శక్తి చాలడం లేదనిపిస్తే అప్పుడు కార్డు వేసుకోండి. ఆ స్థాయిలో 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం తగినది. ఇంటెల్ వారి ఆర్క్ ఏ380 కూడా వీడియో పనికి మంచిదే గానీ, మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే అది తన పూర్తి శక్తి చూపదు. కార్డు వేసిన తర్వాత కూడా, యంత్రం ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ఆపివేయవద్దని అసెంబుల్ చేసేవారికి ముందే చెప్పండి. అది ఆగితే క్విక్ సింక్ కూడా దానితోపాటే ఆగిపోతుంది.

ఆల్బమ్ పేజీల కోసం ఫొటోషాప్ వాడుతున్నట్లయితే, ఆ పనికి పెద్ద కార్డు కన్నా 32 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఎక్కువ మేలు చేస్తాయి.

ప్రశ్న: ఆఫీసుల నుంచి వచ్చిన పాత చిన్న డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను. ఐ5 6500 ప్రాసెసర్, హెచ్‌డీ 530 గ్రాఫిక్స్. నా పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీ 520 ఉండేది. తేడా పెద్దగా కనిపించడం లేదు సరికదా, ఆటల్లో బొమ్మ ఇంకా నెమ్మదించినట్లు ఉంది. దీనికి ఏ కార్డు సరిపోతుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: నెమ్మదించినట్లు అనిపించడానికి కారణం బహుశా మీ మానిటర్. ఆ కాలపు ల్యాప్‌టాప్‌ల తెర చాలావరకు 1366×768, అంటే దాదాపు 10.5 లక్షల చుక్కలు. మీ డెస్క్‌టాప్‌కు 1920×1080 మానిటర్ తగిలించి ఉంటే చుక్కల సంఖ్య 20.7 లక్షలు దాటుతుంది. ప్రతి ఫ్రేమునూ రెండింతల చుక్కలతో గీయాలి. హెచ్‌డీ 530లోనూ హెచ్‌డీ 520లో ఉన్న 24 గణన భాగాలే ఉన్నాయి. వేగం 1.05 గిగాహెర్ట్జ్, విద్యుత్తు పరిమితి మాత్రం 65 వాట్లు కావడం వల్ల వేడికి తగ్గిపోదు. ఆ కొద్దిపాటి లాభాన్ని రెట్టింపైన చుక్కలు తినేశాయి. ఆట సెట్టింగుల్లో తెర కొలతను 1280×720కి తగ్గించి చూస్తే ఇది నిజమో కాదో మీకే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌నూ చిన్న కార్డునూ పోల్చేటప్పుడు చాలామంది మరచిపోయేది ఈ తెర కొలతనే. మూడు రెట్లు శక్తి గల కార్డు కొన్నా తెర రెట్టింపైతే చేతికి చిక్కేది ఒకటిన్నర రెట్లే.

కార్డు విషయంలో మీకు మూడు అడ్డంకులున్నాయి. పెట్టె సన్నగా ఉంటే సగం ఎత్తు ఉండే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే పడుతుంది. ఆఫీసు యంత్రాల్లో విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 180 నుంచి 240 వాట్ల మధ్య ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు విడిగా తగిలించే తీగ దానికి ఉండదు. కనుక మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగిన 75 వాట్ల లోపలే కార్డు నడవాలి. ఈ రెండూ పైకి కనిపించేవే. మూడోది కనిపించదు, అది కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం ప్రయాణించే దారుల సంఖ్య. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400 అనే కార్డు 53 వాట్లతో మీ యంత్రానికి అమిరినట్లే ఉంటుంది గానీ, దానికి నాలుగు దారులే ఉన్నాయి. ఆ స్లాట్ రకమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో నాలుగో తరం వేగాన్ని దృష్టిలో పెట్టుకొని దాన్ని తయారు చేశారు. మీ 2015 నాటి బోర్డుది మూడో తరం కాబట్టి ఆ నాలుగు దారుల్లో వేగం సగమవుతుంది. కార్డు మీదున్న 4 జీబీ నిండి ర్యామ్ వైపు చేయి చాచినప్పుడు బొమ్మ తడబడుతుంది. వీడియోను కుదించే పరికరం కూడా దానికి లేదు.

అందువల్ల మీకు నేను చెప్పేది లో ప్రొఫైల్ రకం జీటీఎక్స్ 1650. 896 గణన భాగాలు, 4 జీబీ మెమొరీ, సెకనుకు 128 గిగాబైట్ల మెమొరీ వేగం, 75 వాట్లు. జీడీడీఆర్6 మెమొరీ ఉన్న రకమైతే ఆ వేగం 192 గిగాబైట్లు. సెకనుకు దాదాపు 3 లక్షల కోట్ల లెక్కలు, అంటే హెచ్‌డీ 530కి ఏడు రెట్లకు పైగా. రెట్టింపైన చుక్కలను లెక్కలోకి తీసుకున్నా కూడా కంటికి స్పష్టంగా తెలిసే తేడా ఇది. కొన్ని 1650 కార్డులకు ఆరు పిన్నుల అదనపు తీగ కావాలి, అవి మీకు పనికిరావు. ఖర్చు పెట్టగలిగితే ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకంలోనూ లో ప్రొఫైల్ కార్డులున్నాయి. అది 70 వాట్లతోనే నడుస్తుంది. అదే పేరుతో ఉన్న 8 జీబీ కార్డుకు మాత్రం అదనపు తీగ తప్పదు. బిల్లు మీద 6 జీబీ అని రాయించుకోండి.

మరో మాట. మీ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రాన్ని ఇంకెన్నేళ్లు వాడదలచుకున్నారో ఆలోచించి కార్డు మీద ఖర్చు నిర్ణయించండి. కార్డును విప్పి తర్వాతి యంత్రంలో వేసుకోవచ్చు కాబట్టి, 1650 గానీ 3050 గానీ పూర్తిగా వృథా పోదు.

ప్రశ్న: డెస్క్‌టాప్ కార్డునే నా పాత ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి తగిలించుకోవచ్చని విన్నాను. ఇది నిజమేనా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: నిజమే గానీ మీకు సలహా ఇవ్వలేను. థండర్‌బోల్ట్ 3 అనే వేగవంతమైన పోర్టు ఉన్న ల్యాప్‌టాప్‌కు ప్రత్యేకమైన పెట్టెలో కార్డును ఉంచి తగిలించవచ్చు. పాత, తక్కువ ఖరీదు ల్యాప్‌టాప్‌లలో ఆ సదుపాయం ఉండటం అరుదు. లోపల వైఫై కార్డు ఉండే స్లాట్ నుంచి తీగ లాగే అడాప్టర్లు కూడా దొరుకుతాయి. కానీ అక్కడ ఒక్క దారే ఉంటుంది, కార్డు శక్తిలో పెద్ద భాగం ఆ ఇరుకు దారిలో పోతుంది. వైఫై పోతుంది, ల్యాప్‌టాప్ మూత తెరిచి ఉంచాలి, కార్డుకు విడిగా ఎస్‌ఎంపీఎస్ కొనాలి. ఇవన్నీ కలిపితే అయ్యే ఖర్చు ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌కు దగ్గరగా వస్తుంది. మీరు ఉత్తరంలో మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవడానికని రాశారు కనుక, గూగుల్ కొలాబ్ అనే ఆన్‌లైన్ సేవలో పరిమితులకు లోబడి ఉచితంగా దొరికే టీ4 గ్రాఫిక్స్‌ను బ్రౌజర్‌లో వాడుకోండి. దాని మెమొరీ 16 జీబీ. అందులో 15 వరకు మీ చేతికి వస్తుంది. ఈ పనిలో మాత్రం జీబీల లెక్క నిజంగానే ముఖ్యం, ఎందుకంటే మోడల్ మెమొరీలో పట్టకపోతే పని నెమ్మదించడం కాదు, మొదలే కాదు. 2 జీబీ కార్డు కొని ఆ దారిలో దూరం పోలేరు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ కార్డు చాలా తక్కువ ధరకు కనిపిస్తోంది. పాత ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీ 4400 నుంచి మారాలనుకుంటున్నాను. కొనవచ్చునా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: అసలైన 1050 టీఐ అయితే మీ పాత గ్రాఫిక్స్‌తో దానికి పోలికే లేదు. 2016 అక్టోబరులో వచ్చిన ఈ కార్డులో 768 గణన భాగాలు, సెకనుకు 112 గిగాబైట్ల మెమొరీ వేగం ఉన్నాయి. 2013 నాటి హెచ్‌డీ 4400లో ఉన్నవి 20 గణన భాగాలు, అవి మెమొరీని ప్రాసెసర్‌తో పంచుకోవాలి. అయితే ఈ కార్డు పేరు మీదే మోసాలు ఎక్కువగా జరిగాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందు వచ్చిన జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ వంటి కార్డుల లోపలి సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను మార్చి, విండోస్‌లో 1050 టీఐ అనే పేరు కనిపించేలా చేసి అమ్మారు. అలాంటి కార్డు పేరు చూపిస్తుంది గానీ, అసలు డ్రైవరు ఎక్కించగానే తెర నల్లబడటమో యంత్రం ఆగిపోవడమో జరుగుతుంది.

వెనుక భాగంలో పాత మానిటర్లకు వాడే వీజీఏ పోర్టు ఉంటే వెంటనే అనుమానించండి, ఎందుకంటే ఈ తరం ఎన్వీడియా గ్రాఫిక్స్ నుంచి నేరుగా వీజీఏ సంకేతం రాదు. కార్డు అందిన రోజే జీపీయూ జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎన్వీడియా వెబ్‌సైటు నుంచి తెచ్చుకున్న అసలు డ్రైవరుతో కలిపి నడిపించి చూడండి. నకిలీ కార్డును 2018 నుంచి అది పేరు పక్కనే ఆ మాట రాసి మరీ చూపిస్తోంది. మీరు సికింద్రాబాద్‌లోనే ఉన్నారు కనుక, తెలియని చోటి నుంచి తెప్పించుకోవడం కంటే పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, కార్డును యంత్రంలో పెట్టించి మీ కళ్ల ముందే పదిహేను నిమిషాలు ఏదైనా ఆట నడిపించి చూసి కొనడం మేలు. ఈ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయని, ఇకపై భద్రతా సవరణలు మాత్రమే 2028 వరకు వస్తాయని ఎన్వీడియా ప్రకటించిన విషయాన్ని బేరమాడేటప్పుడు గుర్తుచేయండి. ధర తగ్గించమని అడగడానికి అది సరైన కారణమే.

ఇంటికి తెచ్చి బిగించాక మానిటర్ తీగను మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా కార్డు మీదున్న పోర్టుకే పెట్టండి. కార్డు వేసినా ఏ తేడా లేదంటూ మాకు రాసినవారిలో కొందరి యంత్రాల్లో తీగ పాత పోర్టులోనే ఉండిపోయింది.